తిరగేసి చూడండి

బ్యానర్ ఇంకా ఆరలేదు. అరుగు మీద పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టారు. ఫ్లెక్సీ కాదు, ఈ ఇంట్లోనే నేసిన ముతక తెల్లబట్ట. దాని మీద ఎర్ర రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు: "నేసిందెవరో అడగండి." ఒక అక్షరం దగ్గర రంగు కిందికి కారింది. తుడుద్దామని డిగ్రీ చదివే అమ్మాయి తడిగుడ్డ పట్టుకొచ్చింది. చిన్నమ్మ ఆపింది. "ఉండనియ్యి బిడ్డా. మిషన్ల అచ్చేసింది కాదని తెలుస్తది."

శ్రావణ ముసురు. భూదాన్ పోచంపల్లిలో పొద్దున ఆరున్నర. ఎనిమిదింటి బస్సుకు మేం హైదరాబాద్‌లో ధర్నాకు పోవాలి. రానున్న ఆగస్టు ఏడు చేనేత దినోత్సవం. దానికి ముందే అర్జీ ఇచ్చిరావాలని ఈ వాడ వాళ్లంతా అనుకున్నారు. విదేశీ బట్టను బహిష్కరించాలని 1905లో కలకత్తా టౌన్‌హాల్లో తీర్మానం చేసింది ఆ తేదీనే. అందుకే 2015 నుంచి దాన్ని జాతీయ చేనేత దినంగా జరుపుతున్నారు. ఆ ఒక్క రోజు ఎక్కడ చూసినా సభలు, దండలు, ఫొటోలు. ఆ సందట్లో అర్జీ ఇస్తే చదివే తీరిక ఎవరికీ ఉండదని కాక పట్టుబట్టాడు.

ఆ కాకే ఇంకా మగ్గం దిగలేదు. బస్సుకు టైమవుతోందంటే, "ఈ పువ్వు ఒడువనియ్యి" అన్నాడు తల ఎత్తకుండానే.

గుంట పక్కన చాప మీద కూర్చున్నాను. గుంటలో కాళ్లు, కాళ్ల కింద తొక్కుడు చెక్కలు. ఒకటి తొక్కితే పడుగు సగం పైకి లేస్తుంది, సగం కిందికి దిగుతుంది. ఆ సందులోంచి నాడె దూసుకుపోతుంది. పన్నెతో ఒక్క దెబ్బ. మామూలు బట్టయితే అంతే, మళ్లీ తొక్కడమే. ఇక్కడ అలా కుదరదు. దెబ్బ వేసే ముందు కాక వంగి, ఆ ఒక్క పేక పోగు మీద ఎర్రమచ్చ ఎక్కడ మొదలైందో చూస్తున్నాడు. అంతకుముందు పోగు మీది మచ్చకు అది వెంట్రుకవాసి పక్కకు జరిగింది. అంచు దగ్గర పోగును గోటితో లాగి, సరిచేసి, అప్పుడు దెబ్బ వేశాడు. మళ్లీ పోగు, మళ్లీ వంగడం, మళ్లీ గోరు. ఎంత సరిచేసినా పువ్వు అంచు గీత గీసినట్టు రాదు. నీళ్లలో పడ్డ సిరా చుక్కలా కొంచెం చెదురుతుంది. ఆ చెదురు ఏ పువ్వుకు ఆ పువ్వుకే వేరు. ఎందుకంటే ఆ రంగు బట్ట మీద వేసింది కాదు. నేయడానికి చాలా ముందే దారం మీద వేసింది.

ఆ దారం పని వెనక గదిలో. గ్రాఫు కాగితం మీద గళ్లలో గీసిన డిజైను గోడకు అంటించి ఉంది. చట్రానికి బిగించిన పోగుల మీద దాని ప్రకారం గుర్తులు పెడతారు. రంగు అంటకూడని చోటల్లా పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలతో బిగించి చుడతారు. రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, ఇంకో రంగు కోసం మరోచోట కడతారు. చిటికి అనేది ఈ కట్టడం, విప్పడమే. పొరపాటున ఒక కట్టు వదులైతే రంగు లోపలికి పాకుతుంది, పువ్వు పాడవుతుంది.

అంతకన్నా ముందు ఆసు పోయాలి. ఆ పని తరతరాలుగా ఆడవాళ్లదే. ఒకవైపు ఒక్క మేకు, ఎదురుగా వంపు చెక్క మీద వరసగా మేకులు. పోగును ఒక్కో మేకు చుట్టూ తిప్పుతూ ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పోస్తూనే ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఆడాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ ఇంట్లోనూ ఇప్పుడు ఆ యంత్రం ఉంది. చిన్నమ్మ కుడిచెయ్యి మాత్రం చెవి దాటి పైకి లేవదు. అది యంత్రం రాకముందటి ఏళ్ల లెక్క.

కాక పువ్వు ఒడిసింది. గుంటలోంచి రెండు చేతులూ ఆనించి లేచి, మోకాళ్లు సాగదీసి, చొక్కా తొడుక్కున్నాడు.

బస్సులో బ్యానర్ చుట్ట నా ఒళ్లో ఉంది. పక్క సీట్లో చిన్నమ్మ, ఆమె ఒళ్లో సంచి, సంచిలో ఒక అసలు చీర. ముందు సీట్లో డిగ్రీ అమ్మాయి వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూర్చుంది. ఈ పిల్ల తల్లిదండ్రులదీ మగ్గమే. కాలేజీలో ఏటా ఏప్రిల్ 24న ఆమె స్నేహితులంతా డ్రెస్సులు తిరగేసి, లేబుళ్లు బయటికి కనిపించేలా తొడుక్కుంటారట. ఎందుకని అడిగింది చిన్నమ్మ.

అమ్మాయి చెప్పింది. 2013లో అదే రోజు, బంగ్లాదేశ్‌లో ఢాకా పక్కన సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల బిల్డింగు కూలిపోయింది. అందులో విదేశీ కంపెనీలకు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు ఉండేవి. గోడలు పగుళ్లిచ్చిన సంగతి ముందురోజే తెలిసింది. కింద ఉన్న బ్యాంకు తన మనుషులను పంపేసింది. కుట్టే ఆడపిల్లలను మాత్రం, పనిలోకి రాకుంటే జీతం రాదని బెదిరించి లోపలికి తోలారు. 1,134 మంది చచ్చిపోయారు. మా బట్టలు అక్కడ కుట్టలేదని కంపెనీలు అన్నాయి. అప్పుడు ఉద్యమకారులు శిథిలాల్లో దిగి లేబుళ్లు ఏరి బయటపెట్టారు.

"లేబుళ్లు ఏరిండ్రా?" చిన్నమ్మ సంచిని దగ్గరికి లాక్కుంది. "శవాల నడుమ?"

"అవునమ్మమ్మా. ఆ లేబుళ్లు చూపెట్టినంకనే తప్పించుకోలేకపోయిండ్రు."

ఆ ఏడు మే నెలలోనే కంపెనీలకూ కార్మిక సంఘాలకూ నడుమ ఒప్పందం కుదిరింది. బిల్డింగులు తనిఖీ చేయాలి, నిప్పంటుకుంటే తప్పించుకునే దారులు ఉండాలి, లేకుంటే కోర్టుకు లాగొచ్చు. ఈ ఉద్యమాల్లో నాకు గౌరవం కలిగించేది ఆ చివరి మాట. కంపెనీ దయతో చేస్తానన్న పనిని ఎప్పుడైనా మానుకోవచ్చు, సంతకం పెట్టిన దాన్ని మానుకోలేదు. మన దగ్గరా అచ్యుతాపురం సెజ్‌లో బట్టలు కుట్టే మహిళలు 2022లో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి విషవాయువు పీల్చి వందల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. వాళ్లు కుట్టిన బట్టలు ఏ దేశంలో ఎవరు తొడుక్కుంటున్నారో వాళ్లకు తెలియదు. తొడుక్కునేవాళ్లకూ వీళ్లెవరో తెలియదు.

కాక కిటికీలోంచి చూస్తూ అంతా విన్నాడు. "మాకు బిల్డింగ్ కూలదు బిడ్డా," అన్నాడు. "ఒక్కొక్క మగ్గమే ఆగుతది. అది ఎవలకు ఇనపడదు."

అది ఎంత నిజమో చేనేత గణన కాగితాలే చెబుతాయి. 1995-96 లెక్కల్లో దేశంలో చేనేత, అనుబంధ పనుల మీద బతికేవాళ్లు 65 లక్షల పైచిలుకు. 2009-10కి 43 లక్షలయ్యారు. 2019-20కి 35 లక్షలు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. మూడింట రెండొంతుల ఇళ్లకు నెలకు ఐదువేల రూపాయలైనా రావని ఆ 2019-20 లెక్కల్లోనే తేలింది. మగ్గానికి కరెంటు అక్కర్లేదు, డీజిల్ అక్కర్లేదు, పొగ రాదు. భూమిని కాపాడే బట్ట కావాలని ప్రపంచమంతా మాట్లాడుతున్న ఈ రోజుల్లో, ఆ బట్టను ఎప్పటినుంచో నేస్తున్న మనిషి వాచ్‌మన్ పనికి నగరం బస్సెక్కుతున్నాడు. నాకు దీన్ని మించిన అన్యాయం కనిపించదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాం. ధర్నా పదకొండింటికి. ఈలోపు ఒక పని ఉంది. అర్జీకి జతపరచడానికి పోచంపల్లి పేరుతో అమ్మే నకిలీ చీర నమూనా కావాలి, దానికి బిల్లు కావాలి.

షాపు పేరు చెప్పను. పెద్దదే. అద్దాల తలుపు తీయగానే చల్లగాలి. శ్రావణం కదా, పెళ్లి బట్టలకు జనం కిటకిట. రెండో అంతస్తులో పరుపుల మీద కూర్చోబెట్టారు. కౌంటర్ కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. పోచంపల్లి కావాలన్నాం. చీరలు కుప్ప పోశాడు. "ప్యూర్ పోచంపల్లి మేడమ్. హ్యాండ్లూమ్. 950 మాత్రమే, ఆఫర్."

చిన్నమ్మ ఒక చీర అందుకుంది. ముందు అరచెయ్యి పెట్టి నిమిరింది. తర్వాత కొంగు తిరగేసింది. పైన చిక్కటి ఎరుపు, వెనక వెలిసిపోయినట్టున్న గులాబీ రంగు. దారానికి వేసిన రంగయితే రెండువైపులా ఒకేలా ఉండాలి. ఇది ఒకవైపు అచ్చేసింది. అంచులు చూసింది. మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా అడ్డంగా బిగించే కర్ర మొనలు గుచ్చిన సన్నటి రంధ్రాలు అంచుల వెంట కనిపించాలి. లేవు. అప్పుడు ఒక పువ్వు మీద వేలు పెట్టి, పక్క పువ్వు మీదికి, దాని పక్క పువ్వు మీదికి జరుపుతూ పోయింది.

"ఇగో, చూడు." నా చెయ్యి పట్టి లాగింది. "ఈడ ఎడమ దిక్కు రంగు చెదిరింది చూసినవా? ఈ పువ్వుకూ ఆణ్నే. గీ పువ్వుకూ ఆణ్నే. అన్నిటికీ ఒక్కతాననే చెదురుతదా?"

కాక గోటితో సరిచేసి సరిచేసి, అయినా మిగిలిపోయిన ఆ చెదురును కూడా కెమెరాతో పట్టి అచ్చేశారు. ఎవరో ఒకరి మగ్గం మీద, ఏదో ఒక పొద్దున వచ్చిన ఒక్క పువ్వును మీటర్ల కొద్దీ వేసుకుంటూ పోయారు. నాకు కడుపులో తిప్పినట్టయింది. చిన్నమ్మ మాత్రం శాంతంగా అడిగింది. "కొడుకా, దీని మీద చేనేత గుర్తు చీటీ ఏది?"

2006లో హ్యాండ్లూమ్ మార్క్ వచ్చింది. చేత్తో నేసిన బట్టకు మాత్రమే ఆ లేబుల్ వేయాలి. కుర్రాడు చీర మడతల్లో వెతికాడు. నిజంగానే వెతికాడు. అతనికి దొరకలేదు. చెప్పమన్నది చెప్పడం తప్ప ఈ పిల్లవాడికి వేరే సంగతి తెలియదని అతని మొహం చూస్తే అర్థమైంది.

"సరే తమ్ముడూ, ఇది తీసుకుంటాం," అంది డిగ్రీ అమ్మాయి. "బిల్లు మీద పోచంపల్లి చేనేత అని రాసియ్యి."

అక్కడ ఆగింది వ్యవహారం. బిల్లులో 'ఫ్యాన్సీ శారీ' అనే వస్తుందట. మేనేజర్ వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "ప్రింటు అమ్మొద్దని చట్టముందా అమ్మా?"

"ప్రింటు అమ్మొద్దని లేదు సార్," అంది అమ్మాయి. ఆమె చేతిలో కాగితం లేదు, గొంతులో వణుకూ లేదు. "పోచంపల్లి అని చెప్పి అమ్మొద్దని ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు వేరే సరుకుకు తగిలిస్తే శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. చేనేతకు రిజర్వు చేసిన రకాలు పవర్‌లూమ్ మీద నేస్తే దానికి 1985 చట్టం వేరే ఉంది."

చుట్టూ బేరాలు ఆగిపోయాయి. పక్క పరుపు మీద కూతురి పెళ్లికి చీరలు తీస్తున్న ఒకావిడ జరిగి మా దగ్గరికి వచ్చింది. తను అప్పటికే ఏరిపెట్టుకున్న చీర తెచ్చి చిన్నమ్మ ముందు పెట్టింది. "ఇది చూసి చెప్పమ్మా."

చిన్నమ్మ తిరగేసింది. ఏమీ అనలేదు, రెండువైపులా పక్కపక్కన పట్టుకుంది. తర్వాత సంచిలోంచి తన చీర తీసి దాని పక్కన పరిచింది. ఆవిడకు ఇక ఎవరూ చెప్పాల్సిన పనిలేకపోయింది.

"అసలుది ఎంతమ్మా?"

"పట్టుది గనుక పదకొండు వేలు. వార్పుకు ఏడెనిమిది చీరలొస్తయి. ఆసు పోసుడు, చిటికి కట్టుడు, అద్దకం, నేసుడు, ఇంటిల్లిపాదీ చేస్తేనే ఒడుస్తది. ఆసామి నూలిస్తడు, డిజైనిస్తడు, మాకు కూలి ఇస్తడు."

"అంత పెట్టలేను కదమ్మా నేను," అందావిడ, కొంచెం ఇబ్బందిగా.

"పెట్టకు బిడ్డా. నూలువి తక్కువల కూడా ఉంటయి, అవీ వద్దంటే ప్రింటే కొనుక్కో. ప్రింటని తెలిసి కొనుక్కో. మా పేరు జెప్పి నీకు అమ్మొద్దంటున్న, గంతే."

మేనేజర్ చివరికి బిల్లు మీద చేనేత అని రాయలేదు. కానీ 'పాలియెస్టర్ ప్రింటెడ్' అని పెన్నుతో రాసి ముద్ర వేశాడు. మాకు కావలసిందీ అదే. కౌంటర్ మీదున్న 'పోచంపల్లి' అట్టముక్కను కుర్రాడే తీసి లోపల పెట్టాడు. మళ్లీ బయటికి రాదని నేనేమీ అనుకోను.

ఇందిరా పార్కు దగ్గర టీ బండి ముందు కాక ఆ చీర అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీశాడు. పోగు మండలేదు, ముడుచుకుపోయి కరిగి నల్లటి గట్టి పూసయింది. తన తుండుగుడ్డ నుంచి ఇంకో పోగు లాగి అంటించాడు. కాగితం కాలినట్టు కాలి, వేళ్ల మధ్య బూడిదై రాలింది. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. ఆ నల్లపూసను అరచేతిలో పెట్టుకుని టీ తాగేవాళ్లకు చూపించాడు. "ఇది పెట్రోలు నుంచి పుట్టింది. ఉతికిన్నప్పుడల్లా దీని సన్నపోగు మోర్లల్ల వడి చెర్లకు వోతది. నూలు మట్టిల కలుస్తది, ఇది కలవది."

ధర్నా చౌక్‌లో అప్పటికే గద్వాల, నారాయణపేట, పుట్టపాక, కొయ్యలగూడెం వాళ్లు కూర్చున్నారు. బ్యానర్ కట్టాం. ఎవరి ఊరి చీర వాళ్లు భుజాన వేసుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు మైకు అందుకున్నారు. డిమాండ్లు కొత్తవి కావు, అందుకే వాటిని విసుగు లేకుండా మళ్లీ చెప్పాలి. 1985 చట్టం కింద మొదట 22 రకాలు చేనేతకే రిజర్వు చేశారు. పవర్‌లూమ్ యజమానులు కోర్టుకెళ్లారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందంది. గెలిచిన మూడేళ్లకే, 1996లో, ఆ జాబితాను 11కు కుదించారు. ఆ పదకొండింటికైనా తనిఖీలు జరగాలి. మిల్లులు దేశంలో అమ్మే నూలులో చిలపలుగా ఇవ్వాల్సిన వాటా ఒకప్పుడు సగం ఉండేది, తర్వాత 40 శాతం, 2019లో 30 శాతం. చిలప నూలు లేకపోతే చేతి మగ్గానికి తిండి లేదు. ఎన్నడూ లేని పన్ను జీఎస్టీతో 5 శాతం వచ్చి పడింది. 2022 జనవరి నుంచి 12 చేయబోయారు. దేశమంతా గోల చేస్తే, ముందురోజు ఆపారు. గోల చేస్తే ఆగుతుందన్నది నేతన్నలు అక్కడ నేర్చుకున్నదే. 2020 జులైలో అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. గోడు చెప్పుకునే గది అదొక్కటుండేది, అది తిరిగి కావాలి.

మధ్యాహ్నం వాన దంచింది. టెంటు కిందికి అందరం జరిగాం. ఎవరూ లేవలేదు. నారాయణపేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ బ్యానర్ తడవకుండా పళ్లెం అడ్డం పెట్టింది. వాన తగ్గాక ఐదుగురికి మాత్రం అర్జీ తీసుకునే ఆఫీసులోకి వెళ్లడానికి వీలిచ్చారు.

అక్కడి అధికారి అర్జీ అంతా చదివాడు. చీర విప్పి చూశాడు. చిన్నమ్మ కుర్చీలోంచి లేచి, తిరగేసి చూడమంది. తిరగేశాడు. బిల్లు మీది పెన్ను రాతను రెండుసార్లు చూశాడు. "ఒక్క షాపైతే ఏం చెయ్యగలమమ్మా. పేర్లు, బిల్లులు, నమూనాలు జాబితాగా ఇవ్వండి. ఇస్తే తనిఖీకి రాస్తాను," అన్నాడు. ఆ మాట కాగితం మీద కావాలంది డిగ్రీ అమ్మాయి. అందిందని తేదీతో సహా సంతకం పెట్టి ముద్ర వేసిన నకలు తీసుకునేదాకా ఆ గదిలోంచి కదల్లేదు.

ఎవరి బస్సు వాళ్లు ఎక్కే ముందు పనులు పంచుకున్నారు. గద్వాల వాళ్లు కోఠి వైపు షాపులు చూసుకుంటామన్నారు, పుట్టపాక వాళ్లు అమీర్‌పేట. బిల్లు అడగడం, లేబుల్ అడగడం, తిరగేయడం, ఫొటో తీయడం ఎలాగో డిగ్రీ అమ్మాయి నోటుబుక్కులో రాసి అందరికీ పంపింది. చీరలు కొనడానికి చందాలు ఎంతొస్తాయో లెక్కవేశారు. నా వంతు కూకట్‌పల్లి.

తిరుగు బస్సులో కాక అడిగాడు, పొద్దుటి షాపుకు మళ్లీ ఎవరు పోతారని.

"ఆడికి నేను వోత," అంది చిన్నమ్మ. "ఆ పిల్లగాని నెంబరు తీసుకున్న. నిజామాబాదు దిక్కు పిలగాడట, మగ్గమే చూడలేదంట. ఆదివారం రమ్మన్న. ఆసు పోసుడు చూపిస్త, నువ్వు గుంటల కూసోబెట్టి నాలుగు పోగులు నేపియ్యి."

"దుకాణమోడు పనికెళ్లి తీసేస్తే?" అన్నాడు కాక.

"తియ్యకుండ మేనేజర్ను గూడ రమ్మందాం," అంది చిన్నమ్మ, ఫోనులో ఆ నెంబరు వెతుకుతూ.